నాయన నీళ్ళు పట్టిన కథ

పద్దెనిమిదేళ్ళుగా నేను కథల పోటీలకు రాస్తున్నాను. పంపుతున్నాను అనలేదు, గమనించండి. రాయడం వేరు, గడువులోగా పంపడం వేరు. ఆ రెండింటి మధ్య నా యౌవనమంతా జారిపోయింది. ఒకసారి దీపావళి పోటీకి మొదలుపెట్టిన కథ హోలీ నాటికి పూర్తయింది. మరోసారి కవరు మీద చిరునామా కూడా రాసుకుని పోస్టాఫీసుకు పరుగెత్తాను. కౌంటరులో ఆవిడ నా ముఖం చూస్తూనే కిటికీ మూసేసింది. ఇంకోసారి కథ, కవరు, తపాలా బిళ్ళలు అన్నీ సిద్ధం చేసుకుని, ఇంకా పది రోజులుంది కదా అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఆ తేదీ పోయిన నెలది.

ఇందులో సిగ్గుచేటు ఏమిటంటే, నేను తినే అన్నమే గడువుల మీద పుడుతుంది. ఫోరస్ రోడ్డులో ఒక జిరాక్సు దుకాణంలో కూర్చుని అందరి దరఖాస్తులూ నింపుతాను. రేషను కార్డు, ఆదాయం సర్టిఫికెట్, పిల్లల స్కాలర్‌షిప్, ఏదైనా సరే. నా చేతి మీదుగా వెళ్ళిన ఫారం ఆలస్యమైందని ఇంతవరకు తిరిగి రాలేదు. పరాయివాళ్ళ గడువైతే నాకు కంటి మీద కునుకు ఉండదు. నాదైతే హాయిగా గురక పెడతాను.

పోయిన ఏడాది ఒక తెలుగు మాసపత్రికలో కథల పోటీ ప్రకటన చూశాను. నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు మాత్రమే. వచ్చే నెల ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఐదుకల్లా చేరాలి. చేతిరాత అయితే స్కాన్ చేసి పంపవచ్చు. ఆ ముప్పై ఒకటో తేదీ తర్వాత సరిగ్గా తొమ్మిది రోజులకు నాకు నలభై నిండుతాయి. అంటే ఆ పోటీకి నేను పనికొచ్చేది ఇక ఈ ఒక్కసారే. బహుమతి మీద నాకంత ఆశ లేదు. నలభై నిండేలోపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క కథ, గడువులోపల ఎవరి బల్ల మీదనైనా పడితే చాలనుకున్నాను. అది కూడా జరగకపోతే ఒక్క పోటీలోనూ దిగకుండానే యువ రచయిత్రి పదవి నుంచి రిటైరైపోతాను.

మేముండేది కామాటిపురలో, వరుసగా గదులు, వాటి ముందు ఉమ్మడి గ్యాలరీ ఉండే చాల్లో, రెండో అంతస్తు. నేను, అమ్మ, నాయన, ఒక గది, ఆ గదికి సగం మేర పైన చెక్కల అటక. దాన్ని ఇక్కడ పోట్‌మాళా అంటారు. నా రాతకోతలన్నీ ఆ అటక మీదే. మా తాత పాలమూరు వైపు నుంచి తట్ట మోయడానికి ఈ ఊరికి వచ్చాడు. నాయన తట్టతోనే మొదలుపెట్టి స్లాబు మేస్త్రి అయ్యాడు. డెబ్బై దాటాక మోకాళ్ళు మొరాయించాయి కాబట్టి ఇంట్లో కూర్చున్నాడు కానీ, ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ముందు పైకప్పు చూసి తర్వాత మనుషులను పలకరిస్తాడు. ఆయనకు చదవడం రాదు. సంతకం మాత్రం మరాఠీలో పెడతాడు, అది కూడా గోడ కట్టినట్టు, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ.

ప్రకటన చూసిన రోజు అన్నం తింటూ పద్దెనిమిదేళ్ళ గోడు వెళ్ళబోసుకున్నాను. అమ్మ అలవాటు ప్రకారం ఊకొట్టి ఇంకాస్త పప్పు వడ్డించింది. నాయన మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"స్లాబ్ తారీఖు ఏంది?" అని అడిగాడు.

"స్లాబు కాదు నాయినా, కథ."

"ఏదైతేంది. చేతికిచ్చే తారీఖు ఉన్నదా, లేదా?"

ఉందన్నాను.

"మరి మేస్త్రి ఎవలు?"

మేస్త్రి ఎవరూ లేరన్నాను.

"గదీ సంగతి. మేస్త్రి లేని కామ్ ఎన్నడన్న టైమ్‌కు అయితదా బిడ్డా?"

ఆ విధంగా మా నాయన నా కథకు మేస్త్రి అయ్యాడు. నలభై ఏళ్ళ నిబంధన సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఇంట్లో నా వయసు మాట ఎత్తితే దాని వెనకే పెళ్ళి మాట వస్తుంది. ఆ దరఖాస్తుకు కూడా నేను ఏనాడో గడువు దాటించేశాను. దాని గురించి మళ్ళీ మొదటి నుంచి వినే ఓపిక నాకు లేదు.

ఆయన లెక్క వెనక నుంచి మొదలైంది. ముప్పై ఒకటిన అప్పజెప్పాలి. అంతకుముందు శుభ్రం చేయడానికి ఐదు రోజులు. అంతకుముందు స్లాబు గట్టిపడడానికి ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టాలి. అంటే ఐదో తేదీ ఆదివారం స్లాబు, నా లెక్కలో కథ రాసే రోజు. దానికి ముందు పది రోజులు స్లాబును మోసే సెంట్రింగు చెక్కలు బిగించడం, ఇనుము కట్టడం. దానికి ముందు పది రోజులు పునాది. ఇదంతా సుద్దముక్కతో తలుపు లోపలి వైపు నిలువు గీతలుగా గీశాడు. రోజుకొక గీత. పని జరిగిన రోజున దాని మీద అడ్డగీత. నాకు తెలిసి మా ఇంట్లో ఒక కథకు ఇంత స్థలం దొరకడం అదే మొదటిసారి.

మా చాల్లో నీళ్ళు ఐదింటికి వచ్చి ఆరున్నరకు పోతాయి. బిందెలు నిండాక ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నా డ్యూటీ అన్నాడు. సైటు మీద వాడిన ఉక్కు విజిలు ఇంకా దాచుకున్నాడు, దాన్ని తీసి సరిగ్గా ఆరున్నరకు ఊదాడు. గ్యాలరీలో ఉన్న ఆడవాళ్ళంతా చెత్తబండి వచ్చిందనుకుని డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పక్కింటి పెద్దమ్మ అయితే వరసగా మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు డబ్బా మా గుమ్మం ముందే పెట్టేసి, చెత్తబండి రాకపోతే మీరే పారేయండి అని వెళ్ళిపోయింది.

పునాది పది రోజులూ పెన్ను ముట్టుకోనివ్వలేదు. కథ ఎక్కడ కడుతున్నావు, కింద ఏముంది, అవే ప్రశ్నలు. నేను పచ్చని పొలాలు, వాగు, వాగు ఒడ్డున ఒక ప్రేమజంట అని చెప్పాను. ఆ వాగు ఏ ఊళ్ళో అన్నాడు. ఏ ఊళ్ళోనూ లేదు, నేను చూడలేదు అన్నాను. నాయన గాభరాపడ్డాడు. చూడని నేల మీద గడ్డపార వేస్తే కింద నీళ్ళుంటాయో, రాయి ఉంటుందో, ఎవరిదైనా గొయ్యి ఉంటుందో ఎవడికి తెలుసని గట్టిగా మందలించాడు. వాగు పోయింది, ప్రేమజంట పోయింది. చివరికి మూడో అంతస్తులో పోయిన ఒక ముసలమ్మ మిగిలింది. ఆమె గ్యాలరీలో కుర్చీ వేసుకుని ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఆమె పోయాక ఆ కుర్చీ ఎవరిదని చాల్లో వాళ్ళంతా కొట్టుకున్నారు. ఆ కుర్చీ నాకు తెలుసు, నేను కూడా దానికోసం కొట్టుకున్నదాన్నే. నాయన కాలితో నేలను తట్టి చూసి, గట్టిగా ఉంది, కట్టవచ్చు అన్నాడు.

తర్వాత సెంట్రింగు. కథలో వచ్చే ఒక్కో ఘట్టాన్ని ఒక్కో చీటీ మీద రాసి, అటక కింద బట్టలారేసే తాడుకు క్లిప్పులతో తగిలించాను. నాయన ప్రతి చీటీ దగ్గరా నిలబడి, ఇందులో ఏముంది, ఇది ఏ బరువు మోస్తోంది అని అడిగేవాడు. నేను చెప్పగలిగితే సరే. తడబడితే క్లిప్పు తీసి చూసేవాడు. చీటీ తీసినా మిగతా కథ కదలకపోతే దాన్ని జేబులో వేసుకునేవాడు. అట్లా ముసలమ్మ చిన్ననాటి ముచ్చట్లు, వర్షం వర్ణన, నాకు ఎంతో ఇష్టమైన పావురాల ఘట్టం ఆయన జేబులోకి వెళ్ళిపోయాయి. అమ్మ ఆ చీటీలను మడిచి ఊగుతున్న బీరువా కాలి కింద పెట్టింది. అక్కడైనా కాస్త బరువు మోస్తాయిలే అంది. నేను రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే ఆ ఇరవై రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. తలుపు మీద అడ్డగీతలు ఒక్కొక్కటే పెరుగుతుంటే నా అంత పనిమంతురాలు ఈ వీధిలో లేదనిపించేది. దుకాణానికి వచ్చిన వాళ్ళకు అడక్కుండానే సమయపాలన గురించి ఉపన్యాసాలు ఇచ్చాను. ఒకాయన ఫారం వెనక్కి లాక్కుని పక్క దుకాణానికి వెళ్ళిపోయాడు.

నాలుగో తేదీ శనివారం సాయంత్రం కొత్త పెన్నులు, తెల్ల నోటుబుక్కు కొనుక్కుని ఇంటికొచ్చాను. నాయన గ్యాలరీలో పెద్దమ్మతో ఏదో లెక్క చూసి, లోపలికొచ్చి చల్లగా చెప్పాడు, రేపు అమాస అని.

అయితే ఏమిటన్నాను. మా వాళ్ళు అమావాస్యనాడు తాపీ ముట్టుకోరు. అది నాకూ తెలుసు. చిన్నప్పుడు నెలకోరోజు నాయన ఇంట్లో ఉండేది అమావాస్యకే, ఆ రోజు కోసం ఎదురుచూసేదాన్ని కూడా. కానీ కథకు సిమెంటు లేదు, ఇసుక లేదు, కంకర లేదు, అమావాస్యతో దానికేం పని అని మొత్తుకున్నాను. యాభై ఏళ్ళలో ఒక్క అమావాస్యకూ పని మొదలుపెట్టలేదు, ఇప్పుడు నీకోసం మొదలుపెట్టి నీ పని చెడగొట్టమంటావా అని ఆయన కదల్లేదు. పోనీ సోమవారం రాస్తానన్నాను. సోమవారం దుకాణం ఉంది, స్లాబు అంటే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆగకుండా సాగాలి, మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచే కారుతుంది అన్నాడు. దాంతో స్లాబు పన్నెండో తేదీ ఆదివారానికి జరిగింది.

నేను ఫారాలు నింపే మనిషిని. పన్నెండుకు ఇరవై ఒకటి కలిపితే గడువు దాటి వచ్చే నెల రెండో తేదీ అవుతుందని అప్పుడే లెక్కగట్టి చెప్పాను. నాయన ఏమాత్రం తొణకలేదు. మరీ అంతైతే ఎక్స్‌టెన్షన్ తీసుకుందామన్నాడు. ఆయన చూసిన లోకంలో ఎక్స్‌టెన్షన్ ఇవ్వని షేఠ్ లేడు. ఇక నేనేమో, నీళ్ళు పట్టడమన్నది మాటవరసకు అంటున్నాడులే, కథ పూర్తయ్యాక తనే నవ్వి ఊరుకుంటాడులే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో నేను వేసుకున్న తప్పుడు లెక్కల్లో అది అన్నిటికన్నా పెద్దది.

స్లాబు రోజు మా అంతస్తులో ఎవరికీ తీరిక లేదు. నాయన పెన్నుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు మొదటి పేజీ మీద చల్లబోతే నోటుబుక్కు గుండెకు హత్తుకుని అటకెక్కాను. స్లాబు రోజు ఇంటివాళ్ళు పనివాళ్ళకు మటన్ పెట్టడం ఆనవాయితీ కాబట్టి అమ్మ పొద్దున్నే రెండు కిలోలు తెప్పించింది. పనిచేసేది నేనొక్కదాన్నే కదా అంటే, గ్యాంగు లేని స్లాబు ఉంటుందా అని నాయన అంతస్తంతా పిలిచాడు. వంటింటి మూల నుంచి అటక దాకా ఆడవాళ్ళు వరుసగా నిలబడి టీ గ్లాసును తట్ట అందించినట్టు చేతులు మార్చి పైకి పంపారు. నాకు అందేసరికి అందులో సగం ఉండేది, దారిలో ఎవరు తాగారో ఇప్పటికీ తేలలేదు.

అసలు చిక్కు పాయిఖానా దగ్గర వచ్చింది. అది గ్యాలరీ చివర, మొత్తం అంతస్తుకు కలిపి రెండే. ఆదివారం పొద్దున వరుసలో నిలబడితే అరగంట. అరగంట ఆగితే వేసిన భాగం గట్టిపడిపోతుందని నాయన భయం. అందుకని పెద్దమ్మను నా బదులు వరుసలో నిలబెట్టాడు. ఆమె తలుపు దాకా చేరగానే కేకేస్తుంది, నేను నిచ్చెన దిగి పరుగెడతాను, నాయన గడియారం చూస్తూ నిలబడతాడు. ఆ రోజు నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అంతస్తంతా లేచి దారి ఇచ్చింది. ఇంత గౌరవం నాకు జీవితంలో మళ్ళీ దొరకదు.

సాయంత్రం ఐదున్నరకు పద్నాలుగో పేజీ చివర చుక్క పెట్టాను. మధ్యాహ్నం మటన్ కూర వాసన పైకెక్కుతున్నప్పుడు, చీటీల్లో లేనిదొకటి దానంతటదే వచ్చేసింది. ముసలమ్మ మనవడు గ్యాలరీలో నిలబడి మానవత్వం గురించి మాట్లాడతాడు. రెండున్నర పేజీలు. అది రాస్తున్నప్పుడు నా కళ్ళ నీళ్ళు నోటుబుక్కు మీద పడ్డాయి. నా జన్మలో రాసిన వాటిలో అదే గొప్పదని ఆ క్షణంలో నాకు ఏ అనుమానమూ లేదు.

కిందికి దిగి, ఇప్పుడే వెళ్ళి స్కాన్ చేసి పంపేస్తాను, ఇంకా పంతొమ్మిది రోజులుంది, చూశావా నాయినా అన్నాను. ఆయన నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకున్నాడు. గోనెపట్టాలో చుట్టాడు. నిచ్చెన ఎక్కి అటక మూలన పెట్టి, దాని మీద తన పాత తాపీ ఉంచి దిగాడు. ఇరవై ఒక్క రోజులు ఎవరూ ముట్టుకోకూడదన్నాడు.

ఆయన వాదన విని తీరాల్సిందే. కొత్తగా వేసిన సిమెంటు లోపల వేడి పుడుతుంది. పైకి గట్టిగా కనబడుతుంది, చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. ఆ వేడి చల్లారేదాకా తడుపుతూ ఉండాలి. నువ్వు ఇప్పుడు చూడు, ముఖం ఎట్లా వెలిగిపోతోందో, నీ అంత రాసేవాళ్ళు లేరనుకుంటున్నావు, అదే ఆ వేడి అన్నాడు. కాగితం తడిపితే పాడవుతుంది కాబట్టి రాసిన చెయ్యి తడుపుతానన్నాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం దుకాణం నుంచి రాగానే ఒకసారి, చెంబులో నీళ్ళు తీసుకుని నా కుడిచేతి మీద చిలకరించేవాడు. గ్యాలరీలో వెళ్ళేవాళ్ళు ఏదో గాలి సోకిందనుకుని గౌరవంగా దూరం జరిగేవారు. ఒకామె తన కోడలికి కూడా చేయిస్తారా అని అమ్మను అడిగింది.

మొదటి వారం నవ్వుతూ చెయ్యి చాపాను. రెండో వారం పళ్ళు కొరుకుతూ చాపాను. ఇరవై తొమ్మిదో తేదీన చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పత్రికకు ఫోన్ చేశాను, ఎక్స్‌టెన్షన్ లేదన్నారు, ఎల్లుండే ఆఖరు, నోటుబుక్కు ఇయ్యి అన్నాను. ఇవ్వలేదు. అప్పుడు చెప్పాడు, నాకు అంతకుముందు తెలియని సంగతి. నేను పుట్టకముందు ఒక షేఠ్ తొందరపెడితే తాను పద్నాలుగో రోజునే సెంట్రింగు విప్పించాడట. గ్యాలరీ సగం కింద పడింది. తనతో కలిసి తట్ట మోసినవాడు దాని కింద ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ కాలు పోయింది. ఆ తర్వాత ఎవరు కాళ్ళు పట్టుకున్నా, తిట్టినా, ఒక్క రోజు కూడా తగ్గించలేదని చెప్పాడు. ఇది విన్నాక నోటుబుక్కు దొంగతనం చేద్దామన్న నా ఆలోచన సిగ్గుపడి మూలన కూర్చుంది. కోపం మాత్రం పోలేదు. కథ కూలితే ఎవరి కాలు విరుగుతుంది అని మనసులో నూరుసార్లు అరిచాను.

ముప్పై ఒకటి శుక్రవారం. దుకాణంలో నెలాఖరు రద్దీ, అందరికీ అదే ఆఖరు రోజు. పదకొండున్నరకు ఒకామెకు ఫారం నింపి చేతికిస్తే, నీ చెయ్యి పడితే ఏ పనైనా టైముకు అయిపోతుంది అమ్మా అంది. నేను ఆమె ముందరే భోరున ఏడ్చేశాను. ఆమె తన ఫారంలో ఏదో ఘోరం జరిగిందనుకుని తానూ ఏడ్చింది. మా యజమాని మమ్మల్ని ఇద్దరినీ చూసి, నువ్వు ఇంటికి వెళ్ళి అన్నం తిని రా అని నన్ను పంపేశాడు.

ఇంట్లో నాయన చెంబు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చెయ్యి చాపలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఇన్నాళ్ళూ దాచింది చెప్పేశాను. ఈ పోటీ నలభై లోపు వాళ్ళకే నాయినా, తొమ్మిది రోజుల్లో నాకు నలభై, ఇవాళ సాయంత్రం ఐదు దాటితే ఇక నేను ఎప్పటికీ పంపలేను అన్నాను.

"ఎవలకు నలభై?" అన్నాడు.

"నాకే."

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ పోపు గిన్నె వైపు చూసింది.

"మొన్ననే గద ముప్పై అన్నవ్," అని ఆమెను అడిగాడు.

ఆ మొన్న అన్నది పదేళ్ళ కిందటిదని అమ్మ నెమ్మదిగా ఒప్పుకుంది. పెళ్ళి సంబంధాల వాళ్ళకు ముప్పై అని చెబుతూ చెబుతూ ఇంట్లో కూడా అదే అంకె ఉంచేసింది. నాయన అదే నమ్మాడు. పొద్దున చీకటితో సైటుకు పోయి చీకటి పడ్డాక వచ్చిన మనిషికి ఎవరు చెబితే అదే నిజం. ఆయన చెంబు కింద పెట్టి, తలుపు దగ్గర కూర్చుని, సుద్ద గీతలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఊరోళ్ళ ఇండ్లకు దినాలు లెక్క పెట్టుకుంటనే బతికిన," అన్నాడు చివరికి. "నా ఇంట్ల దినాలు ఎన్ని పోయినయో చూసుకోలే."

నా దినాలు పద్దెనిమిదేళ్ళు నేనూ చూసుకోలేదు.

ఆయన లేచి టైమెంత అన్నాడు. ఒంటిగంట. విప్పేద్దాం, కానీ పద్ధతి ప్రకారం విప్పుదాం అన్నాడు. ఆ గ్యాలరీ పడిన తర్వాత ఆయన పెట్టుకున్న పద్ధతట అది. సెంట్రింగు విప్పేటప్పుడు కింద ఇంకెవరినీ ఉండనిచ్చేవాడు కాదు, తానొక్కడే నిలబడేవాడు. పడితే తన మీద పడాలి. అమ్మను గ్యాలరీలోకి పంపాడు. పెద్దమ్మ అప్పటికే అక్కడుంది. నన్ను అటకెక్కి నోటుబుక్కు విప్పి మొదటి నుంచి గట్టిగా చదవమన్నాడు. తాను సరిగ్గా అటక కింద, ఒక చెయ్యి గోడకు ఆనించి, తల పైకెత్తి నిలబడ్డాడు. కుర్చీ వేస్తానంటే వద్దన్నాడు. కూర్చున్నవాడు పడేదాన్ని చూసినా లేవలేడట.

చదవడం మొదలుపెట్టాను. పంతొమ్మిది రోజుల తర్వాత ఆ అక్షరాలు ఎవరివో లాగా ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల బాగున్నాయి కూడా. అటక అంచు నుంచి చూస్తే నాయన బట్టతల కదలకుండా ఉంది. పది పేజీలు అట్లాగే నిలబడ్డాడు. పదకొండో పేజీలో మనవడు మానవత్వం ఎత్తుకున్నాడు. నేను గొంతు పెంచాను. అర పేజీ అయ్యాక కిందికి చూస్తే బట్టతల లేదు. నాయన గుమ్మం దగ్గర అమ్మ పక్కన నిలబడి అటక వైపు అనుమానంగా చూస్తున్నాడు.

ఏమైందన్నాను.

"ఏం లే. నువ్వు చదువు. నేను ఈడికెల్లి వింట."

ఒళ్ళు మండిపోయింది. ఇదే కథకు ప్రాణం, కిందికి రా అన్నాను. రానన్నాడు. పోనీలే అని ఉపన్యాసం దాటేసి పదమూడో పేజీ చివరి నుంచి చదివాను. తిరిగి వచ్చి అటక కింద నిలబడ్డాడు. పరీక్షిద్దామని మళ్ళీ పదకొండుకు వెళ్ళాను. మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడోసారి నేను పేజీ వెనక్కి తిప్పిన చప్పుడుకే కాలు కదిపాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ అదీ పెట్టుకోలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కన్నీళ్ళతో రాసిన రెండున్నర పేజీల మీద అడ్డంగా గీతలు కొట్టేశాను. పదో పేజీ నుంచి తర్వాతి దానికి దారి ఉండాలని అక్కడ ఒక్క వాక్యం రాశాను, మనవడు ఏమీ మాట్లాడకుండా కుర్చీ తీసుకొచ్చి ముసలమ్మ గుమ్మం ముందు పెట్టాడని. మళ్ళీ పదో పేజీ నుంచి చివరిదాకా చదివాను. నాయన కాళ్ళు వణుకుతున్నాయి. గోడ మీది చెయ్యి బిగుసుకుంది. కానీ చుక్క దాకా అక్కడే ఉన్నాడు.

"పంపు," అన్నాడు.

నాలుగున్నరకు మా దుకాణంలోనే స్కాన్ చేసి పంపాను. నాలుగూ నలభైకి మీ కథ అందింది అని పత్రిక నుంచి జవాబు వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని ఒక కాగితం మీద అచ్చు తీసుకున్నాను. యజమాని ఎన్ని కాపీలు అని అడిగాడు.

బహుమతి రాలేదు. మూడు నెలల తర్వాత జాబితాలో పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను, నా పేరు లేదు. కొంచెం ఏడ్చాను కూడా, దాచడం దేనికి. నాయనకు చెబితే, చూసినవాళ్ళు నిలబడి విన్నారా కూర్చుని విన్నారా అని అడిగాడు. కూర్చునే చదివి ఉంటారన్నాను. అయితే వాళ్ళకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నాడు.

ఇప్పుడు వయసు అడగని పోటీలకు రాస్తున్నాను. ఒక్కటీ గడువు దాటనివ్వలేదు. కథ పూర్తయి ఇరవై ఒక్క రోజులు గడిచాక అటకెక్కుతాను, నాయన కింద నిలబడతాడు. ఎన్నిసార్లు బతిమాలినా కుర్చీలో కూర్చోడు. ఆ తర్వాతి కథకు పద్నాలుగు పేజీలు నిలబడ్డాడు. దీపావళికి పదకొండు పేజీలయ్యేసరికి గోడకు పూర్తిగా ఒరిగిపోయాడు. నిబంధనల్లో పదిహేను పేజీల దాకా రాయవచ్చని ఉంటుంది. నేనిప్పుడు తొమ్మిది దాటనివ్వడం లేదు.